సిమిలీ దొరికింది, మెటఫర్ దొరికింది, మార్కులే దొరకలేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ అమ్మాయి బెంగళూరులో కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ చదువుతోంది (పదోతరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష), ఫస్ట్ లాంగ్వేజ్ ఇంగ్లీష్. కథలోంచి ఒక భాగం ఇచ్చి, రచయిత భాషని ఎలా వాడాడో రాయమనే ప్రశ్నకి 15కి 6 దాటడం లేదు. సిమిలీ (ఉపమ), మెటఫర్ (రూపకం), పర్సానిఫికేషన్ (ప్రాణం లేనిదాన్ని మనిషిలా చెప్పడం) అన్నీ ఠక్కున గుర్తుపడుతోంది. అయినా టీచరు పక్కన 'ఫీచర్ స్పాటింగ్' అని రాసి వదిలేస్తున్నారు. లండన్‌లో ఉన్న మీ అక్కగారి అబ్బాయి పంపిన జీసీఎస్‌ఈ (బ్రిటన్ పిల్లలు ఆ స్థాయిలో రాసే పరీక్ష) పాత పేపర్లలో 'స్ట్రక్చర్' (కథని కట్టిన తీరు) అని ఇంకో ప్రశ్న కనబడింది, అది కూడా నేర్పించాలా అని రెండో సందేహం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, అందువల్లేనా ఇదంతా అని మూడోది.

మూడోదానికి ముందు జవాబు: కాదండీ. ఆ తెలుగే ఇక్కడ పనికొస్తుంది, ఎలాగో కింద చెప్తాను.

మొదటిదానికి జవాబు కూడా చిన్నదే. అలంకారం పేరు చెప్పినందుకు మార్కు రాదు. ఆ మాట తీసేసి మామూలు మాట పెడితే ఏం పోయేదో చెప్పినందుకు వస్తుంది. స్ట్రక్చర్‌కి కూడా ఇదే, కాకపోతే మాట బదులు చోటు: ఆ వాక్యం అక్కడ కాకుండా ఇంకోచోట ఉంటే ఏం చెడేది? టీచరు 'ఫీచర్ స్పాటింగ్' అంటే అర్థం ఇదే. మీ అమ్మాయి వస్తువుని చూపించి పేరు చెప్పి ఆగిపోతోంది. అది ఏం పని చేస్తోందో చెప్పడం లేదు.

నేను మారతహళ్లి దగ్గర పద్నాలుగేళ్లుగా ఇంగ్లీష్ చెప్తున్నాను. మొదట ఒక స్కూల్లో, తర్వాత ఇంట్లోనే. మాది అనంతపురం జిల్లా, పదోతరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివాను. గొప్పకి చెప్పడం లేదు, చెప్పబోయేదానికి దీనితో పని ఉంది.

మీ ఇంటికి చెప్పాపెట్టకుండా చుట్టాలు వచ్చారనుకోండి. 'వచ్చారు' అనొచ్చు. 'దిగారు' అనొచ్చు. 'ఊడిపడ్డారు', 'తగలడ్డారు', 'వేంచేశారు' అనొచ్చు. జరిగింది ఒకటే, గుమ్మంలో సూట్‌కేసులతో మనుషులున్నారు. కానీ మీ అమ్మాయి పక్కగదిలో కూర్చుని మీ నోట ఏ మాట వచ్చిందో వింటే చాలు, వచ్చినవాళ్లు ఎవరి తరఫువాళ్లో, మీకు ఇష్టమో కష్టమో, ఆ సాయంత్రం ఇంట్లో వాతావరణం ఎలా ఉండబోతోందో చెప్పేయగలదు. 'వేంచేశారు'లో ఉన్నది మర్యాదా వెటకారమా అన్నది కూడా పట్టేస్తుంది. ఆ చెవి తనకి ఉంది. పరీక్షలో అడుగుతున్నది సరిగ్గా ఆ చెవినే. ఇంగ్లీషు పేరా కనబడగానే పిల్ల ఆ చెవి మూసేసుకుని అలంకారాల జాబితా తెరుస్తోంది.

అందుకే కొత్తగా చేరిన పిల్లలతో నేను మొదటి క్లాసు ఇంగ్లీషులో చెయ్యను. తెలుగు పిల్లలకి ఈ చుట్టాల సంగతే ఇస్తాను. పోయినేడు బ్యాచ్‌లో ఒక కన్నడ అమ్మాయి ఉండేది, వాళ్ల అజ్జి (అవ్వ) అయితే 'బందరు' (వచ్చారు) అనదట, 'వక్కరిసిదరు' అంటుందట. క్లాసంతా నవ్వారు. ఆ మాట అర్థం చాలామందికి తెలియదు, అయినా చుట్టాలంటే ఆ అజ్జికి ఎంత ప్రేమో అందరికీ అర్థమైంది.

ఇప్పుడు అసలు పనిలోకి. పరీక్షలో వచ్చేలాంటి పేరా ఒకటి నేనే రాశాను. మీకూ సులువుగా ఉంటుందని తెలుగులో పెడుతున్నాను, విశ్లేషణ పద్ధతి ఏ భాషకైనా ఒకటే.

'స్టేషన్‌లో ఎవరూ లేరు. చివరి బెంచీ మీద ఒక టోపీ ఉంది, అంతే. పైన ఒకే ఒక దీపం దగ్గుతూ వెలుగుతోంది. పొగమంచు పట్టాల మీదుగా పాక్కుంటూ వచ్చి, ప్లాట్‌ఫారం అంచుని నాకి, మెట్లెక్కింది. మార్తా వాచీ చూసుకుంది. పదకొండూ పది. రైలు పదిన్నరకే రావాలి. మళ్లీ చూసుకుంది. పదకొండూ పదే. ఆమె తలెత్తేసరికి బెంచీ మీద టోపీ లేదు.'

మీ అమ్మాయి ఇప్పుడు రాసే జవాబు దాదాపు ఇలా ఉంటుందని నా అంచనా: 'రచయిత పొగమంచుకి పర్సానిఫికేషన్ వాడాడు. ఇది పాఠకుడి మనసులో ఒక చిత్రాన్ని కలిగిస్తుంది. భయానక వాతావరణాన్ని సృష్టిస్తుంది. తర్వాత ఏమవుతుందో చదవాలనే ఆసక్తి పెంచుతుంది.'

ఇందులో తప్పేం లేదు. అదే దీని తప్పు. ఈ నాలుగు వాక్యాలని ఎత్తుకెళ్లి ఇంకో పేరా కింద అతికించండి. చీకటి అడవి గురించైనా, పాడుబడ్డ బంగళా గురించైనా, తుపానులో పడవ గురించైనా చక్కగా అతుక్కుంటాయి. అన్ని తాళాలకీ పట్టే తాళంచెవి లాంటిదన్నమాట, అలాంటిదాన్ని ఏ తాళమూ నాది అనదు. జవాబు రాశాక చెయ్యాల్సిన మొదటి పరీక్ష ఇది: ఈ వాక్యం వేరే పేరాకి కూడా సరిపోతే, కొట్టెయ్.

ఇప్పుడు మాట మార్చి చూద్దాం. 'పాక్కుంటూ వచ్చి, నాకి, మెట్లెక్కింది' తీసేసి 'పొగమంచు ప్లాట్‌ఫారం అంతా వ్యాపించింది' అని పెట్టండి. సమాచారం ఏమీ పోలేదు. మరి ఏం పోయింది? నా దగ్గర చదివే అబ్బాయి ఒకడు దీనికి ఇలా చెప్పాడు, వాడి మాటల్ని కొంచెం సర్ది రాస్తున్నాను:

'పాకడం నేలమీద జరిగే పని, అది ఇంకా కింద ఎక్కడో ఉంది అనిపిస్తుంది. నాకింది అనేసరికి అది జంతువైపోయింది, తినబోయే ముందు రుచి చూస్తున్నట్టు ఉంది. మెట్లెక్కడం మనుషులు చేసేది, ఎక్కడికి వెళ్లాలో తెలిసినవాళ్లు చేసేది. మూడు క్రియల్లో పొగమంచు పెద్దదైపోయి మార్తా నిలబడ్డ ఎత్తుకి వచ్చేసింది. ఆమె మాత్రం ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.'

ఇందులో పర్సానిఫికేషన్ అనే మాటే లేదు, గమనించారా? చివరి వాక్యం చూడండి. వాడు పేరాలో ఉన్నదాన్ని మాత్రమే కాదు, లేనిదాన్ని కూడా చూశాడు. పొగమంచుకి మూడు కదలికలు, మార్తాకి చూపు తప్ప ఏమీ లేదు. ఇది ఇంకే పేరా కిందా అతకదు. ఆ రోజు వాడికి ఇంకో దోసె ఎక్కువ పెట్టాను.

'దగ్గుతూ' అన్న మాట మీద మీ అమ్మాయిని ప్రయత్నించమనండి. 'మినుకుమినుకుమంటూ' అని మార్చి చూడమనండి. దగ్గు అంటే జబ్బు, ముసలితనం. వెలుగు వచ్చీ పోతూ ఉండటం కూడా అందులోనే ఉంది. నిశ్శబ్దంగా ఉన్న చోట ఒక చప్పుడు కూడా. ఆ స్టేషన్‌లో మార్తాకి తోడున్నది ఆ దీపం ఒక్కటే, దానికి కూడా ఒంట్లో బాగాలేదు. ఇలా ఒక మాట నుంచి మూడు నాలుగు అర్థాలు పిండగలిగితే పై మార్కుల వైపు వెళ్తారు. ఆరు మాటల నుంచి ఒక్కో అర్థం రాస్తే మధ్యలోనే ఉండిపోతారు. ఉదాహరణలు ఎన్ని అన్నది కాదు, ఒక్కోదానిలో ఎంత లోతుకి దిగావు అన్నది.

పిండమన్నాను కదా అని లేని రసం తీయకూడదు. ఇదే పేరా ఇస్తే ఒకమ్మాయి 'నల్లటి టోపీ మరణానికి సంకేతం' అని పేజీ రాసింది. టోపీ నలుపని ఎక్కడుంది తల్లీ అంటే మళ్లీ చదువుకుని నాలుక కరుచుకుంది. రంగు తనే వేసేసింది! సినిమాల్లో అలాంటి టోపీలు నల్లగా ఉంటాయట. 'బహుశా', 'అనిపించవచ్చు' అని రాస్తే తప్పులేదు, అలా రాయడమే మంచిది కూడా. కానీ ఆ బహుశాకి కాళ్లు పేరాలో ఉండాలి.

ఇంకో కుర్రాడు, గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం, తొమ్మిదిలో వేరే బోర్డు నుంచి మారాడు. తెలివైనవాడు. నలభై అలంకారాల పట్టిక ప్రింటు తీసి బీరువా తలుపుకి అంటించుకున్నాడు. మాక్ పరీక్షలో పాసేజ్‌లో వాన పడింది. అంతే, 'పాథటిక్ ఫాలసీ' అని ఒకటిన్నర పేజీ, ప్రకృతి పాత్ర విషాదాన్ని ప్రతిబింబిస్తోందని. ఆ కథలో పిల్లవాడికి స్కూల్లో పరుగుపందెం అంటే భయం. వాన పడి పందెం రద్దయినందుకు వాడు గంతులేస్తున్నాడు! పట్టిక చెప్పింది వాన అంటే దుఃఖమని, మనవాడు పట్టికని నమ్మాడు, పేరాని నమ్మలేదు. ఆ పట్టిక చించమని నేను చెప్పలేదు, దాని పక్కన ఒక స్టికీ నోట్ అంటించమన్నాను: 'ఇక్కడ కూడానా?'

ఈ పాపంలో నాకూ వాటా ఉంది. మొదటి రెండు మూడేళ్లు నేను కూడా ఫార్ములానే చెప్పాను. పాయింట్, ఎవిడెన్స్, ఎక్స్‌ప్లెయిన్, లింక్. పిల్లలకి టెన్షన్ తగ్గుతుంది, తల్లిదండ్రులకి నోట్సు కనబడుతుంది, నాకు దిద్దడం తేలిక. ఒకసారి స్కూల్లో ఒక సీనియర్ మేడమ్ నా క్లాసు పదకొండు పేపర్లూ దిద్ది ఇస్తూ, 'నేను ఒకే జవాబు పదకొండుసార్లు చదివాను' అన్నారు. నాలుగు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. తర్వాత పేపర్లు వరసగా పరిచి చూసుకుంటే ఆవిడ అన్నది నిజమే, కొటేషన్లు తప్ప అన్నీ ఒకటే. ఫార్ములా పెట్టె లాంటిది. పెట్టె చేయడం నేర్పాను, లోపల ఏం పెట్టాలో నేర్పలేదు. మీ స్కూల్లో ఆ ఫార్ములానే వాడమంటే వాడనివ్వండి, దానితో గొడవ అక్కర్లేదు. 'ఎక్స్‌ప్లెయిన్' అన్న చోట మాట మార్చి చూసే పని చేస్తే సరిపోతుంది.

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఒక నిషేధ జాబితా ఉంటుంది. 'క్రియేట్స్ ఎ పిక్చర్ ఇన్ ద రీడర్స్ మైండ్', 'మేక్స్ ద రీడర్ వాంట్ టు రీడ్ ఆన్', 'ఎంఫసైజెస్ ద పాయింట్', 'మేక్స్ ఇట్ మోర్ ఇంట్రస్టింగ్'. వీటిలో ఏది రాసినా హార్లిక్స్ సీసాలో రూపాయి వెయ్యాలి. సంవత్సరం చివర ఆ డబ్బుతో కాంగ్రెస్ కడ్లెకాయ్ (మసాలా పల్లీలు) పొట్లాలు కొనుక్కుంటాం. మొదటి నెలలో సీసా తొందరగా నిండుతుంది.

ఆ జాబితాలో ఇంకోటి చేర్చాలా వద్దా అని చాలాకాలం ఆలోచించాను: 'పొట్టి వాక్యాలు టెన్షన్‌ని పెంచుతాయి.' ప్రతి పిల్లా రాస్తుంది. ఒక్కోసారి నిజమే కూడా. కానీ మీరు ఇంట్లో ఏదైనా అడిగితే మీ అమ్మాయి 'సరే' అని ఒక్క మాట అంటుంది చూడండి, అందులో టెన్షన్ ఉందా? ఒప్పుకోలు ఉండొచ్చు, అలక ఉండొచ్చు, 'ఇక వదిలెయ్' ఉండొచ్చు. ముందు ఏ మాట నడిచిందో దాన్నిబట్టి ఉంటుంది. మన పేరాలో 'పదకొండూ పది' పొట్టి వాక్యం. అక్కడ మార్తా కన్ను వాచీ మీద పడి ఆగినట్టుంది. రెండోసారి 'పదకొండూ పదే' అన్నప్పుడు ఆ చివరి 'ఏ' దీర్ఘం ఒక్కటే కొత్తగా చేరింది, దానితో అనుమానం మొదలైంది. వాచీ ఆగిందా, కాలం ఆగిందా, లేక భయంలో నిమిషం కూడా గడవడం లేదా? వాక్యం పొట్టిది కాబట్టి టెన్షన్ అనడం కన్నా ఇది చెప్పడం మేలు కదా.

ఇక స్ట్రక్చర్. మీ అక్కగారి అబ్బాయి పేపర్లు ఏక్యూఏ బోర్డువి అయ్యుంటాయి. ఆ బోర్డు జీసీఎస్‌ఈ ఇంగ్లీష్ లాంగ్వేజ్ మొదటి పేపర్లో రెండో ప్రశ్న భాష మీద 8 మార్కులకి, మూడోది స్ట్రక్చర్ మీద 8 మార్కులకి ఉంటాయి. పేపర్ మొత్తం 80 మార్కులు, గంటా నలభై ఐదు నిమిషాలు. భాష ప్రశ్న పాసేజ్‌లో ఒక చిన్న భాగం మీద అడుగుతారు, స్ట్రక్చర్ ప్రశ్న మొత్తం పాసేజ్ మీద. ఎడెక్సెల్ అనే ఇంకో బోర్డు పేపర్లలో రెండూ కలిపి ఒకే ప్రశ్నగా అడిగినవి ఉన్నాయి. మీ అమ్మాయి రాసే కేంబ్రిడ్జ్ పేపర్లో స్ట్రక్చర్ మీద విడిగా 8 మార్కుల ప్రశ్న లేదు. అక్కడ అడిగేది మాటల ఎంపిక, పదచిత్రాలు. కాబట్టి మార్కుల లెక్కలోనే చూస్తే అది వదిలెయ్యొచ్చు.

నేను మాత్రం వదలను. కారణం రెండో పేపర్. అందులో కథో వర్ణనో సొంతంగా రాయాలి, 40 మార్కులు. పక్కవాడు ఎలా కట్టాడో చూడనివాడు తన ఇల్లు ఎలా కడతాడు?

స్ట్రక్చర్ అనగానే పిల్లలు కథ చెప్పేస్తారు: 'మొదట స్టేషన్ గురించి చెప్పాడు, తర్వాత పొగమంచు గురించి చెప్పాడు, చివరికి టోపీ మాయమైంది.' ఇది వరస మాత్రమే. అడగాల్సింది రచయిత మన కళ్లని ఎప్పుడు ఎక్కడ పెట్టాడు, ఎక్కణ్నుంచి లాగేశాడు అని. మన పేరాలో మొదట ఖాళీ స్టేషన్ అంతా చూపించాడు. తర్వాత టోపీ. చూపించి వెంటనే 'అంతే' అన్నాడు. ఆ ఒక్క మాటతో టోపీని మనచేత పక్కన పడేయించాడు. తర్వాత దీపం కోసం పైకి చూశాం, పొగమంచు కోసం కిందకి చూశాం, ఆఖరికి మార్తా ముంజేతి మీదకి, అరంగుళం వాచీలోకి వచ్చేశాం. మార్తా తల దించింది. మనమూ దించాం. ఆ రెండు చూపుల మధ్య బెంచీ వైపు ఎవరూ చూడలేదు, ఆమె కాదు, మనమూ కాదు. టోపీ పోయింది అప్పుడే. కాబట్టి చివరి వాక్యంలో ఉలిక్కిపాటుతో పాటు చిన్న నేరభావం కూడా ఉంది, అరె, నేను కూడా చూడలేదే అని.

దీన్ని చోటు మార్చి పరీక్షించండి. 'ఆమె తలెత్తేసరికి టోపీ లేదు' అన్నదాన్ని తీసుకెళ్లి పొగమంచు వాక్యానికి ముందు పెట్టండి. ఇప్పుడు పొగమంచు పాకినా నాకినా మనం పట్టించుకోం, మనసంతా టోపీ ఎవరు తీశారన్నదాని మీదే ఉంటుంది. వాచీ అయితే అడ్డం అనిపిస్తుంది. అదే వాక్యాలు, అవే మాటలు, పేరా మాత్రం చచ్చింది.

మా జేజికి (అవ్వకి) చదువు రాదు. మాకు కథ చెప్తూ, పులి గుడిసె తలుపు దాకా వచ్చిందనగానే, 'ఉండు, పొయ్యి ఆర్పొస్తా' అని లేచేది. పొయ్యి ఎప్పుడో ఆరిపోయి ఉండేది. ఆవిడకి స్ట్రక్చర్ అంటే ఏంటో నా ఎంఏ కన్నా బాగా తెలుసు.

ఇంట్లో చేయించడానికి నేను చెప్పే పని ఒకటుంది. ఏదైనా కథలోంచి ఒక పేరా ఫొటోకాపీ తీసి, వాక్యం వాక్యంగా కత్తిరించండి. ముక్కలు కలిపేసి డైనింగ్ టేబుల్ మీద పోసి, వరస పెట్టమనండి. మీ అమ్మాయి పెట్టిన వరస, రచయిత పెట్టిన వరస పక్కపక్కన ఉంచి, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే మాట్లాడుకోండి. మీ అమ్మాయి వరసే బాగుండొచ్చు కూడా. నా దగ్గర ఒకడు రెండుసార్లు అలా చేశాడు. ఇంగ్లీష్ మీకు అంతగా రాదని మొహమాటపడకండి, ఈ ఆటలో మీరు 'ఎందుకు?' అని అడిగితే చాలు. ఫ్యాన్ మాత్రం ఆపెయ్యండి, ముక్కలు సోఫా కిందికి పోతాయి.

భాషకి ఇంకా చిన్న పని. స్కూలు బస్సు అవుటర్ రింగ్ రోడ్డు మీద రోజూ ఎలాగూ ఆగుతుంది కదా. చదువుతున్న పుస్తకంలో ఒక్క వాక్యం, అందులో ఒక్క క్రియ. దాని బదులు రెండు వేరే క్రియలు పెట్టి చూడాలి. 'వాక్డ్' ఉన్నచోట 'షఫుల్డ్' అంటే చెప్పుల చప్పుడు వినబడుతుంది, వయసో నీరసమో బద్ధకమో కనబడుతుంది. 'మార్చ్‌డ్' అంటే మనిషి కోపంగానో ఖచ్చితంగానో ఉన్నాడు. తెలుగులో 'కాళ్లీడ్చుకుంటూ', 'గబగబా', 'జారుకున్నాడు' ఎలాగో అలాగే. రోజుకి ఒకటి, రాయక్కర్లేదు. వారానికి మూడు పాత పేపర్లు చేయించడం కన్నా ఇది ఎక్కువ పని చేస్తుందని నా అనుభవం. పాత పేపర్లు పరీక్షకి ఆరేడు వారాల ముందు మొదలుపెడితే చాలు.

పరీక్ష హాల్లో సంగతులు త్వరగా చెప్తాను. నా పిల్లలు ఇప్పటిదాకా రాసిన కేంబ్రిడ్జ్ మొదటి పేపర్లో 2 గంటలకి 80 మార్కులు, అంటే మార్కుకి నిమిషంన్నర. ఈ 15 మార్కుల ప్రశ్నకి ఇరవై రెండు నిమిషాలు దాటకూడదు. రెండు పేరాలు సూచిస్తారు, ఒక్కోదానిలోంచి మూడు ఉదాహరణలు, 200 నుంచి 300 పదాలు. మొత్తం ఆరు, ఒక్కోదానికి యాభై పదాలు. ముందుమాటకి చోటు లేదు, 'రచయిత అద్భుతంగా వర్ణించాడు' అని మొదలుపెడితే పది పదాలు గంగలో కలిసినట్టే. సిలబస్ ఎప్పటికప్పుడు మారుతుంటుంది, కాబట్టి మీ అమ్మాయి పరీక్ష రాసే సంవత్సరం సిలబస్ పీడీఎఫ్ బోర్డు వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

కొటేషన్ రెండు నుంచి నాలుగు మాటలు ఉంటే చాలు. రెండు లైన్లు ఎత్తి రాస్తే ఏ మాట గురించి మాట్లాడుతోందో ఆ పిల్లకే తెలియదు. పెన్సిల్‌తో గీతలు గీసేటప్పుడు 'దీనికి పేరు ఉంది' అన్నవాటి కింద కాదు, 'దీని గురించి రెండు వాక్యాలు చెప్పగలను' అన్నవాటి కింద గీయాలి. పేరు తెలిసి ఏమీ చెప్పలేనిది ఉంటే వదిలెయ్యాలి. అర్థం తెలియని మాట ఎంత ఊరించినా ముట్టుకోకూడదు.

పేర్లు అసలే వద్దని నేననడం లేదు. బ్రిటన్ జీసీఎస్‌ఈ మార్కింగ్‌లో సబ్జెక్ట్ టెర్మినాలజీ సరిగ్గా వాడారా అన్నది కూడా చూస్తారు, మీ అక్కగారి అబ్బాయికి అది కావాలి. కానీ పేరు వాక్యానికి కర్త కాకూడదు. 'రచయిత మెటఫర్ వాడాడు' అన్నచోట మెటఫరే కథానాయకుడు. 'దగ్గుతూ అన్న మెటఫర్ దీపాన్ని రోగిని చేస్తుంది' అన్నచోట దీపం, రోగం ముందుకొచ్చాయి. మెటఫర్ ఆధార్ కార్డు చూపించి పక్కకి తప్పుకుంది. పేరు గుర్తురాకపోతే 'ఈ మాట', 'ఈ క్రియ' అంటే సరిపోతుంది. తప్పు పేరు పెట్టడం కన్నా అది నయం.

ట్యూషన్ కావాలా అనీ అడిగారు. 6 మార్కుల మీదున్న పిల్లకి వెంటనే అక్కర్లేదు, నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాననుకోండి. తన పాత జవాబు ఒకటి తీయించి, వేరే పేరాకి కూడా అతికే వాక్యాలన్నీ ఎర్ర పెన్నుతో తననే కొట్టెయ్యమనండి, మీరు కొట్టొద్దు. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి ఇక్కడ రాయండి. మిగిలినవి రెండైనా పరవాలేదు, ఆ రెండూ రాయండి, వాటినుంచే మొదలుపెడదాం. పైన మార్తా పేరాలో 'చివరి బెంచీ' అన్నాను, ఒట్టి 'బెంచీ' అనలేదు. అది ఎందుకో కూడా తననే అడగండి.